అప్‌డేట్: శాండ్ క్రీక్‌కి మామూలు కారులోనే వెళ్లొచ్చాం

డెన్వర్ నుంచి అమ్మానాన్నలతో కొలరాడోలోని శాండ్ క్రీక్ మారణకాండ స్థలానికి సెడాన్‌లో వెళ్లొచ్చా, మోకాళ్ల నొప్పులున్న నాన్నగారు అక్కడ నడవగలరా అని అడిగాను కదా, వెళ్లొచ్చాం. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

బాగా పనికొచ్చింది "వాన పడ్డాక వెళ్లకండి, ఈడ్స్‌లోనే (దగ్గర్లోని చిన్న ఊరు) పెట్రోల్ కొట్టించుకోండి" అన్న మాట. హైవే 96 దాటాక అంతా మట్టిరోడ్డే, పొడిగా ఉంటే సెడాన్ చాలు, ఫోర్ వీల్ డ్రైవ్ అద్దెకు తీసుకోవాలా అన్న టెన్షన్ అనవసరం. టికెట్ లేదు, కానీ వారంలో అన్ని రోజులూ తెరవరు, అమెరికా నేషనల్ పార్క్ సర్వీస్ వెబ్‌సైట్‌లో చూసుకునే బయల్దేరండి.

నడక గురించి: శాండ్ క్రీక్ వాగులోకి ఎవరినీ దిగనివ్వరు, షయాన్, అరాపహో అనే అమెరికా ఆదివాసీ తెగల ప్రజలకు అది పవిత్ర స్థలం. గట్టు మీది నుంచే చూడాలి, నాన్నగారు ఆగుతూ ఆగుతూ వచ్చేశారు.

1864 నవంబర్ 29న కర్నల్ చివింగ్‌టన్ నడిపిన అమెరికా సైన్యం ఇక్కడ ఆ తెగల వాళ్లను దాదాపు 230 మందిని చంపింది, ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. అదే సైన్యంలోని కెప్టెన్ సైలస్ సోల్ మాత్రం తన మనుషుల్ని కాల్చనివ్వలేదు. అయినా దగ్గర్లోని ఊరికి ఉన్నది చివింగ్‌టన్ పేరే, అది నాకు మింగుడుపడలేదు.

నీళ్లు, తిండి, టోపీలు వెంట ఉండాలి. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.