పక్క కణజాలంలో కూడా పీ53 పాజిటివ్ అని రాశారు. పాకినట్టేనా?

పలాస రవి
అమ్మకి అంగిలి మీద క్యాన్సర్, ఆపరేషన్ అయింది. చిన్నప్పటి నుంచి అడ్డపొగ అలవాటు (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగుతారు, మా వైపు ఆడవాళ్లలో ఎక్కువ). రిపోర్టులో తీసిన ముక్క అంచులు క్లియర్ (అక్కడ క్యాన్సర్ లేదు), దగ్గరి అంచు 7 మి.మీ. అని ఉంది. కింద ఇంకో పేరా: 'ట్యూమర్‌లో పీ53 స్ట్రాంగ్ పాజిటివ్. పక్క మ్యూకోసాలో డిస్ప్లేసియా లేదు, పీ53 పాజిటివ్.' ఓపీలో అడిగే తీరిక దొరకలేదు. మా మావయ్య అప్పుడే 'నోరంతా పాకేసింది' అని ఊళ్లో చెప్పేశాడు. ఇంట్లో అందరికీ టెన్షన్.

ఓరల్ పాథ్ పీజీ
రవి గారూ, పాకడం కాదు. పక్క మ్యూకోసా (నోటి లోపలి పొర) కణాలు మైక్రోస్కోప్ కింద క్యాన్సర్‌లా లేవు, డిస్ప్లేసియా (క్యాన్సర్‌కి ముందు కణాల్లో వచ్చే మార్పు) కూడా లేదు అని అదే వాక్యంలో ఉంది చూడండి.

పీ53 అంటే కణం డీఎన్ఏ దెబ్బతిన్నప్పుడు విభజన ఆపే ప్రొటీన్. బాగుచేయలేనంత దెబ్బయితే ఆ కణాన్నే చంపేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న కణంలో ఇది తయారైన కాసేపటికే విరిగిపోతుంది, ఎండీఎం2 అనే ఇంకో ప్రొటీన్ దాన్ని విరగ్గొట్టిస్తుంది. అందుకే పీ53ని చూపించే రంగు వేస్తే మామూలు చర్మంలో, మ్యూకోసాలో పెద్దగా పట్టదు, అడుగు పొరలో అక్కడక్కడా లేతగా కనిపిస్తుంది అంతే. జీన్‌లో మ్యుటేషన్ వస్తే చాలాసార్లు పనిచేయని ప్రొటీన్ విరగకుండా న్యూక్లియస్‌లో పేరుకుపోతుంది. గోధుమ రంగు దట్టంగా పట్టేది దానికే. క్యాన్సర్‌ని ఆపే ప్రొటీన్ 'పాజిటివ్' అంటే మంచిదేగా అని చాలామంది అనుకుంటారు, ఇక్కడ లెక్క తలకిందులు.

గుంటూరు మిర్చి
మా నాన్నది బుగ్గ క్యాన్సర్, గుట్కా. ఆయన రిపోర్టులో పీ53 నెగటివ్. అయితే మాది నయమన్నమాట?

ఓరల్ పాథ్ పీజీ
అలా చెప్పలేం అండీ. కొన్ని మ్యుటేషన్లలో ప్రొటీన్ సగంలో తెగిపోతుంది, అప్పుడు రంగు అసలే పట్టదు. జీన్ పాడయ్యే ఉంటుంది, స్లైడ్ మాత్రం ఖాళీ. అటు వైపు చూస్తే, వాపు, పుండు ఉన్న చోట మంచి పీ53 కూడా కొంచెం పెరుగుతుంది. ఈ రంగు పరీక్షకి ఎక్కువ ల్యాబుల్లో వాడే డీఓ-7 యాంటీబాడీ మంచిదాన్నీ చెడ్డదాన్నీ రెండింటినీ పట్టుకుంటుంది, తేడా చెప్పలేదు.

ల్యాబ్ బాబాయ్
హిస్టో ల్యాబులో (కణజాలం స్లైడ్లు చేసే చోట) పనిచేసి రిటైరయ్యాను. ముక్క ఫార్మలిన్‌లో (పాడవకుండా ఉంచే ద్రవం) ఆలస్యంగా వేసినా, మరీ ఎక్కువ రోజులు నానినా రంగు తేడా వస్తుంది. పాజిటివ్ అనడానికి ఎంత శాతం కణాలు ఉండాలన్నదీ అందరికీ ఒకటి కాదు, ఒకరు 5 అంటారు, ఒకరు 10 అంటారు. రెండు ల్యాబుల రిపోర్టులు పక్కపక్కన పెట్టుకుని భయపడకండి బాబూ.

డాలస్ సుజాత
పక్క కణజాలం సంగతి పూర్తిగా కొట్టిపారేయలేం కదా? 1953లోనే స్లాటర్, ఆయన సహచరులు 783 మంది నోటి, గొంతు క్యాన్సర్ రోగుల్ని చూసి, గడ్డ చుట్టూ మామూలుగా కనిపించే పొర కూడా మారిపోయి ఉంటుందని రాశారు. 1995లో ఇక్కడి జాన్స్ హాప్కిన్స్ వాళ్లు 25 మందిలో 'క్లియర్' అంచుల్ని పీ53 మ్యుటేషన్ కోసం వెతికారు. 13 మందిలో దొరికింది, వాళ్లలో 5 గురికి అక్కడే తిరిగొచ్చింది. దొరకని 12 మందిలో ఒక్కరికీ రాలేదు.

ఓరల్ పాథ్ పీజీ
కొట్టిపారేయట్లేదు సుజాత గారూ. కాకపోతే అది జీన్ పరీక్ష, రవి గారి అమ్మగారిది రంగు పరీక్ష. పైగా 25 మంది. అందుకే ఇప్పటికీ అంచులో పీ53 చూసి రేడియేషన్ ఇవ్వాలా వద్దా అని నిర్ణయించరు. మామూలుగా చూసేవి వేరు: అంచు 5 మి.మీ. దాటిందా, గడ్డ ఎంత లోతు, మెడ గ్రంథులు, నరం పక్కన పాకిందా, అంగిలి కాబట్టి ఎముకలోకి దిగిందా.

గుంటూరు మిర్చి
మరి ఎందుకు చేయించినట్టు? బిల్లు కోసమా?

ఓరల్ పాథ్ పీజీ
కాలేజీ ఆస్పత్రి అయితే ఎవరిదో థీసిస్ అయ్యుంటుంది 🙂 నేనూ అదే పనిలో ఉన్నాను. రోగికి ఇచ్చే కాగితంలో వివరణ లేకుండా ఆ పేరా రాయడం మాత్రం నాకు నచ్చదు.

నాలుక_నాది
నేను డాక్టర్ని కాదు, రోగిని. నాకు ఎడమ వైపు నాలుక తీశారు. తర్వాత చెకప్‌లో కుడి బుగ్గ లోపల తెల్ల మచ్చ కనిపించింది. బయాప్సీలో డిస్ప్లేసియా అన్నారు, క్యాన్సర్ కాకముందే తీసేశారు. నొప్పి లేదు, మంట లేదు, డాక్టర్ అద్దం పెట్టి చూడకపోతే నాకు తెలిసేదే కాదు. ఏళ్ల తరబడి పొగాకు తగిలింది నోరంతటికీ కదా. ఆపరేషన్ చేసిన చోటే చూసి పంపేస్తే ఊరుకోకండి, రెండో వైపూ, నాలుక కిందా చూడమని అడగండి.

సోంపేట మాస్టారు
రవీ, 1971లో మన శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది అంగిళ్లు చూసి అడ్డపొగ మీద పెద్ద సర్వే అచ్చేశారు. అయినా మా వీధిలో ఇంకా తాగుతున్నారు. అమ్మ మానిందా లేదా? ముందు అది చెప్పు.

పలాస రవి
మాట్లాడలేకపోతోంది కానీ చుట్ట ఎక్కడ దాచారని సైగ చేస్తోంది మాస్టారూ. ఆస్పత్రిలోనే మాన్పించే కౌన్సెలింగ్ ఉందట, అడుగుతాను. పీజీ గారూ, ఇంకో చోట చూపిద్దామంటే రిపోర్టు కాగితం చాలా?

ఓరల్ పాథ్ పీజీ
చాలదు. స్లైడ్లు, పారాఫిన్ బ్లాకులు (మైనంలో పెట్టిన కణజాలం ముక్కలు) రెండూ రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. గడ్డ బ్లాకుతో పాటు అంచులవీ అడగండి, చాలాసార్లు గడ్డది ఒక్కటే చేతిలో పెడతారు. బ్లాకులు ఎండలో, బండి డిక్కీలో పెట్టకండి, మైనం కరుగుతుంది.