అప్‌డేట్: వీన్ బ్రిడ్జ్ ఆసిలేటర్ నుంచి సైన్ వేవ్ వచ్చింది

సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. కొత్తగా చూస్తున్నవాళ్లకి: 741 ఆప్ ఆంప్ (సిగ్నల్‌ని పెంచే చిప్)తో వీన్ బ్రిడ్జ్ (రెసిస్టర్లు, కెపాసిటర్లతో సైన్ వేవ్ పుట్టించే సర్క్యూట్) కడితే ఆసిలోస్కోపులో (వేవ్‌ని తెరమీద గీతగా చూపే పరికరం) ఒకసారి సాపు గీత, ఇంకోసారి తల తెగిన వేవ్ వస్తోంది, ఎందుకని అడిగాను.

అంతా గెయిన్‌లోనే, అంటే సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచుతున్నామో అందులోనే ఉంది. ఈ సర్క్యూట్‌కి అది సరిగ్గా 3 ఉండాలి. గ్రౌండ్ వైపు 10కె (10 కిలోఓమ్‌ల రెసిస్టర్) ఉంచి, ఫీడ్‌బ్యాక్‌లో (ఔట్‌పుట్ నుంచి ఇన్‌పుట్‌కి తిరిగొచ్చే దారిలో) ప్రీసెట్ (తిప్పి విలువ మార్చే రెసిస్టర్) పెట్టి స్క్రూడ్రైవర్‌తో మెల్లగా తిప్పాను. 20కె (గెయిన్ 1 + 20/10 = 3) దాటీ దాటగానే గీత వణికింది, ఉయ్యాలలా ఊపందుకుంది, చివరికి సప్లై వోల్టేజీ దగ్గర చదునైపోయింది. రవ్వంత వెనక్కి తిప్పితే ఆగిపోయింది. ఆ మధ్యలో చేత్తో నిలబెట్టడం ఎవరి తరమూ కాదు.

మీరు చెప్పినట్టే 18కెకి సిరీస్‌లో 4.7కె, దానికి ప్యారలల్‌గా ఎదురెదురుగా రెండు 1ఎన్4148 డయోడ్లు పెట్టాను. మొదట్లో గెయిన్ 3.27, వేవ్ పెరిగేకొద్దీ డయోడ్లు కండక్ట్ అయి దాన్ని 3కి దింపుతాయి. విజయనగరం గంటస్తంభం దగ్గర డయోడ్లు ఇచ్చిన రేడియో మెకానిక్ గారు, "దీనికి బల్బు కూడా పెడతారు బాబూ" అన్నారు. 1939లో విలియం హ్యూలెట్ (హెచ్‌పీ కంపెనీ స్థాపకుల్లో ఒకరు) వాడిందీ అదే: వేడెక్కితే ఫిలమెంట్ రెసిస్టెన్స్ పెరుగుతుంది, గ్రౌండ్ వైపు పెడితే దాంతో గెయిన్ తగ్గుతుంది.

బ్రిడ్జ్‌లోని 10కె రెసిస్టర్లు, 10 నానోఫారడ్ కెపాసిటర్లకి ఫ్రీక్వెన్సీ లెక్క 1.59 కిలోహెర్ట్జ్. కాస్త తక్కువే వచ్చింది, కెపాసిటర్ల టాలరెన్స్ మరి.

సిమ్యులేటర్ వాడేవాళ్లకి ఒక మాట: అందులో నాయిస్ (అసలు సర్క్యూట్‌లో వేవ్‌ని మొదలుపెట్టే చిన్న విద్యుత్ అలజడి) ఉండదు కాబట్టి వేవ్ దానంతటది మొదలవకపోవచ్చు. కెపాసిటర్‌కి కొంచెం ప్రారంభ వోల్టేజీ ఇవ్వండి.

ఇక ఫ్రీక్వెన్సీ పెంచాలి. 16 కిలోహెర్ట్జ్ దగ్గర 10 వోల్టుల పీక్ కావాలంటే ఔట్‌పుట్ వోల్టేజీ మారే వేగం మైక్రోసెకనుకి 1 వోల్టు ఉండాలి, 741కి ఉన్నది 0.5. అందుకే దానికన్నా వేగమైన టీఎల్072 ఆప్ ఆంప్ తెప్పిస్తున్నాను.