పైన మాడింది, అడుగున బంక బంకగా ఉంది: ఆపిల్ కేక్ ఎక్కడ చెడింది?

కేక్_కష్టాలు:
అందరికీ నమస్కారం అండి, రెండోసారి కూడా కేక్ పాడయ్యాక ఇక లాభం లేదని అడుగుతున్నా. మామూలు ఆపిల్ కేకే, కానీ ప్యాకెట్లు కొనకుండా మా చుట్టుపక్కల దొరికేవాటితోనే చేద్దామని పట్టుబట్టా. అసలు కొలత ఏంటంటే 200 గ్రాముల మైదా, 125 వెన్న, 125 పంచదార, 3 గుడ్లు, 2 చెంచాల బేకింగ్ పౌడర్, 60 మిల్లీలీటర్ల పాలు, అర కిలో ఆపిల్స్. నేనేమో మైదా బదులు మర పట్టించిన గోధుమపిండి, పంచదార బదులు అంతే తేనె, ఇంట్లో చిలికిన వెన్న, పెరటి కోళ్ల గుడ్లు (చిన్నవి కదా అని 4 వేశా), ఆపిల్స్ కూడా బాగున్నాయని ఇంకో రెండు ఎక్కువ కోసేశా. 180 డిగ్రీల్లో 45 నిమిషాలు పెట్టా. పైన నల్లగా అయిపోయింది, కోస్తే అడుగున రెండు వేళ్ల మందం హల్వాలా ముద్ద, ముక్కలన్నీ అక్కడే కూర్చున్నాయి. పిండి తప్పా, ఓవెన్ తప్పా?

పుల్ల_గుచ్చి_చూడు:
పిండీ కాదు ఓవెనూ కాదు అండి, నీళ్లు. లెక్క చూడండి. ఆపిల్‌లో 85 శాతం దాకా నీళ్లే, మీరు రెండు ఎక్కువ వేశారు. తేనెలో 17, 18 శాతం నీళ్లుంటాయి, పంచదారలో దాదాపు ఉండవు. ఇంటి వెన్న సరిగ్గా పిండకపోతే మజ్జిగ లోపలే ఉండిపోతుంది, పైగా గుడ్డు ఒకటి ఎక్కువ. ఇన్ని చోట్ల నీళ్లు పెంచి పాలు మాత్రం తగ్గించలేదు కదా?

కేక్_కష్టాలు:
తగ్గించడమా... ఆపిల్స్ చెక్కు తీసి తరిగేలోపు పిండి గట్టిపడిందని ఇంకో పావు కప్పు పోశానండి 🙈

పుల్ల_గుచ్చి_చూడు:
అదిగో 😄 గోధుమపిండిలో పొట్టు ఉంటుంది, అది నీళ్లని మెల్లగా పీలుస్తుంది కాబట్టి పావుగంటకి గట్టిపడటం మామూలే, కంగారు పడక్కర్లేదు. నిజానికి ఆపిల్ కేక్ పిండి గట్టిగానే ఉండాలి, గరిటెతో తీస్తే జారకుండా ముద్దగా పడాలి, పల్చగా ఉంటే ముక్కలు మునుగుతాయి. ముక్కలకి పొడి పిండి అద్దితే మునగవంటారు గానీ పిండి పల్చగా ఉంటే అద్దినా ఒకటే అద్దకపోయినా ఒకటే, నేను చేసి చూసే చెప్తున్నా.
ఈసారి ఇలా చెయ్యండి. తేనె 100 గ్రాములే, ఎందుకంటే పంచదార కన్నా తీపి ఎక్కువ. పాలు పూర్తిగా మానెయ్యండి, మరీ గట్టిగా అనిపిస్తే ఒక్క చెంచా. తేనెలో కొంచెం పులుపుంటుంది కాబట్టి పావు చెంచా వంటసోడా కలపండి, బేకింగ్ పౌడర్ చెంచాన్నర చాలు. తేనె త్వరగా రంగు తిరుగుతుంది, అందుకే పైన మాడింది. 160, 165 డిగ్రీల్లో గంట దగ్గర పెట్టండి, 40 నిమిషాలకి పైన రంగొచ్చేస్తే ఫాయిల్ కప్పండి. గుడ్లు లెక్కపెట్టకుండా తూచండి, పెంకు లేకుండా 150 గ్రాములు వస్తే చాలు, అది మూడయినా నాలుగయినా.

నిదానం_అక్క:
అంతా బానే చెప్పారు గానీ గోధుమపిండితో చేసేటప్పుడు కలిపాక 20 నిమిషాలు నానబెట్టాలి, లేకపోతే పొట్టు నోటికి తగుల్తుంది.

పుల్ల_గుచ్చి_చూడు:
అక్కా ఇక్కడ మాత్రం ఒప్పుకోను. తేనె తగలగానే సోడా పని మొదలుపెట్టేస్తుంది, 20 నిమిషాలు ఆగితే ఆ గాలంతా గిన్నెలోనే పోతుంది, ఓవెన్లోకి వెళ్లాక పొంగడానికి ఏం మిగులుతుంది? ఈవిడ పిండి కలిపి పెట్టుకుని తర్వాత ఆపిల్స్ తరిగారు చూడండి, అదే జరిగుంటుంది. ముందు ఆపిల్స్, తర్వాత ఓవెన్ వేడి, ఆఖర్న పిండి. పొట్టు భయమైతే సగం మైదా కలపమనండి.

నిదానం_అక్క:
సోడా సంగతి మర్చిపోయా, నిజమే తమ్ముడూ. నేను తేనెతో చెయ్యను లే, అందుకని తట్టలేదు. అమ్మాయ్, వెన్న గురించి ఒక మాట. చిన్న ముద్ద తీసి గిన్నెలో కరిగించి చూడు, అడుగున తెల్లటి నీళ్లు ఎంత చేరాయో తెలిసిపోతుంది. చల్లటి నీళ్లలో వెన్నని పిసికి, నీళ్లు తేటగా వచ్చేదాకా మార్చి, గట్టిగా పిండు. చల్లటి వెన్నతో మొదలుపెట్టకు, వేలితో నొక్కితే దిగాలి కానీ కరిగి కారకూడదు.

కేక్_కష్టాలు:
సరే అక్కా. ఆపిల్స్ ఎలాంటివి తీసుకోవాలి? మాకు దొరికేవి బాగా తియ్యగా, కొంచెం మెత్తగా ఉంటాయి.

పుల్ల_గుచ్చి_చూడు:
గట్టిగా పుల్లగా ఉన్నవైతే ముక్క ముక్కలాగే నిలుస్తుంది, మెత్తవి గుజ్జయిపోతాయి. వేరేవి లేకపోతే మెత్తవాటినే పెద్ద ముక్కలుగా కోసి, నిమ్మరసం, చెంచా పంచదార వేసి అరగంట వదిలెయ్యండి. నీళ్లు ఊరతాయి, వాటిని వంపేసి ముక్కలని గుడ్డ మీద ఆరబెట్టండి. ఊరిన రసం పారబోయకండి, చిన్న మంట మీద చిక్కబడేదాకా మరిగించి వేడి కేక్ మీద పూస్తే ఆపిల్ రుచి అంతా అందులోనే ఉంటుంది. తురిమి వేసే ఆలోచనుంటే మాత్రం పిండకుండా వెయ్యొద్దు.

మధ్యలో_దూరినవాణ్ని:
తేనె బదులు బెల్లం వేస్తే?

నిదానం_అక్క:
వెయ్యొచ్చు బాబూ, పంచదార ఎంతో అంతే తూకం. పాకం పట్టకు, మళ్లీ నీళ్ల గోలే. తురిమి జల్లించి వెన్నలో కలిపెయ్, కేక్ కాస్త ముదురు రంగులో వస్తుంది.

కేక్_కష్టాలు:
నిన్న చేశానండి!! సగం మైదా సగం గోధుమపిండి, పాలు అసలు పోయలేదు, ఆపిల్స్ తూచి 500 గ్రాములు. వెన్న పిసికితే ఎన్ని నీళ్లొచ్చాయో, అదంతా పోయినసారి కేక్‌లోకే వెళ్లిందన్నమాట. 163 డిగ్రీల్లో 58 నిమిషాలు, 24 సెంటీమీటర్ల టిన్ను. మునగలేదు, మాడలేదు. కానీ పుల్ల గుచ్చిన ప్రతిసారీ తడిగానే వచ్చిందని ఇంకో 7 నిమిషాలు ఉంచితే అంచులు కొంచెం ఎండిపోయాయి.

పుల్ల_గుచ్చి_చూడు:
పుల్ల ఆపిల్ ముక్కలోంచి దూరుంటుంది, ఎన్ని గంటలుంచినా తడిగానే వస్తుంది. ముక్క లేని చోట మూడు నాలుగు సార్లు గుచ్చండి, అంటుకున్నది పచ్చిపిండా ఆపిల్ రసమా వేళ్లతో నలిపితే తెలుస్తుంది. థర్మామీటర్ ఉంటే మధ్యలో 96 డిగ్రీలు చూసి తీసెయ్యండి. ఎండిన అంచులకి ఆ మరిగించిన రసం ఉంటే పూయండి.

కేక్_కష్టాలు:
రసం పిల్లలు చెంచాలతో తాగేశారండి, వచ్చేసారి దాచిపెడతా.