సూదుల మీద సగం పని ఉండగా కొత్త అల్లిక మొదలుపెట్టొచ్చా?

ఊలుబుట్ట:
ప్రస్తుతం నా దగ్గర మూడు అల్లికలు నడుస్తున్నాయి. జడలా మెలికలు తిరిగే కేబుల్ డిజైన్ స్వెట్టర్‌కి ముందు, వెనక భాగాలు అయిపోయి చేతులు మిగిలాయి. సాక్సుల జతలో ఒకటి పూర్తయింది, రెండోదానికి ఇంకా కుట్లే ఎక్కించలేదు. లేస్ శాలువా ఒకటి మధ్యలో ఉంది. దానికి డిజైన్ గీసిన చార్టు చూసుకుంటూ ప్రతి వరుసా లెక్కపెట్టాలి కాబట్టి చుట్టూ సందడి ఉంటే ముట్టుకోలేను. ఇవేవీ నచ్చక ఆపినవి కావు. అయినా ఈమధ్య సూదులు పట్టుకుంటే ఉత్సాహం రావడం లేదు. కొత్త పాటర్న్‌ల ఫొటోలు చూస్తూ కూర్చుంటాను, చూసినకొద్దీ ఏదీ తేల్చుకోలేను. ఒకటి పూర్తయ్యేదాకా ఇంకోటి మొదలుపెట్టకూడదని కొందరంటారు. మనసుకు నచ్చింది మొదలుపెడితేనే చెయ్యి ఆడుతుందని ఇంకొందరంటారు. మీరేమంటారు? కారణంతో సహా చెప్పండి.

ఒకటే_సూది:
మొదలుపెట్టకండి. నేను చెప్పేది క్రమశిక్షణ గురించి కాదు, గేజ్ గురించి, అంటే ఇన్ని సెంటీమీటర్లకు ఎన్ని కుట్లు పడుతున్నాయో దాని గురించి. మన చేతి బిగువు ఎప్పుడూ ఒకేలా ఉండదు. 10 సెంటీమీటర్లకు 22 కుట్లు వచ్చిన చెయ్యి, కొన్ని నెలలు ఆగి మళ్లీ పట్టుకుంటే 20కి వదులవ్వొచ్చు. చిన్న తేడాలాగే కనిపిస్తుంది కానీ 220 కుట్ల మీద లెక్క వేయండి: 100 సెంటీమీటర్లు రావలసిన చుట్టుకొలత 110 అవుతుంది. మీ స్వెట్టర్ ఒంటి భాగం ఒక బిగువులో, చేతులు ఇంకో బిగువులో ఉంటే కుట్టి జోడించాక తేడా తెలుస్తుంది. ముందు చేతులు అల్లేయండి. పాటర్న్‌లు ఎక్కడికీ పోవు.

రెండు_సంచులు:
ఒకటే_సూది గారి లెక్క కరెక్టే. కానీ దాని నుంచి తేలేది ‘కొత్తది మొదలుపెట్టొద్దు’ అని కాదు, ‘ఆపిన చోట రాసిపెట్టుకోండి’ అని. సూది సైజు, ఎన్నో వరుసలో ఆపారో, అప్పటి గేజ్ ఒక చీటీ మీద రాసి సంచిలో పడేస్తే చాలు. మళ్లీ మొదలుపెట్టినప్పుడు కొంత అల్లి కొలవండి. వదులుగా వస్తుంటే సూది ఒక సైజు తగ్గించండి.

ఊలుబుట్ట గారూ, నాకు మీ మూడు అల్లికల సంఖ్యలో ఇబ్బంది కనిపించలేదు. మూడూ కష్టమైన చోటో, విసుగొచ్చే చోటో ఆగాయి. కేబుల్‌కి అదనపు సూది పట్టుకోవాలి, లేస్‌కి కళ్లు చార్టు మీదే ఉండాలి, రెండో సాక్సు చేసిన పనే మళ్లీ చేయడం. అలిసిపోయి కూర్చున్నప్పుడు లెక్క లేకుండా అల్లుకునే పని మీ దగ్గర ఒక్కటీ లేదు. రెండు మొనలను తీగతో కలిపిన సర్క్యులర్ సూది మీద ఉత్త నిట్ (మామూలు) కుట్లతో గుండ్రంగా సాగిపోయే టోపీ ఒకటి మొదలుపెట్టండి. దాన్ని నేను అదనపు భారం అనుకోను. చేతులకూ మేలే. లావు ఊలు కేబుల్స్‌కి పడే శ్రమ వేరు, సన్నటి సాక్సు ఊలుకి పడే శ్రమ వేరు. మార్చి మార్చి అల్లితే ఒకే కండరం మీద బరువు పడదు.

ఇక ఆలోచన రాకపోవడం గురించి. ఫొటోలు చూడటం కొన్నాళ్లు ఆపేయమని గట్టిగా చెబుతాను. ఫొటోలో కనిపించేది ఇంకొకరి ఊలు, ఇంకొకరి రంగు, ఇంకొకరి భుజాలు. మీ దగ్గరున్న ఉండల్లో ఒకటి తీసి శాంపిల్ ముక్క అల్లండి. అదే ఊలుతో కాస్త స్టాకినెట్ (ఒకవైపు నున్నగా వచ్చేది), కాస్త గార్టర్ (రెండువైపులా గట్లుగా వచ్చేది), కాస్త కేబుల్. కేబుల్ దగ్గర ముక్క వెడల్పు ఎలా కుంచించుకుపోతుందో, గార్టర్ దగ్గర ఎత్తు తగ్గి ఎలా మెత్తబడుతుందో కళ్లారా చూస్తారు. రంగులు కలగలిసిన ఊలైతే కేబుల్ మెలికలు అందులో కలిసిపోయి కనిపించవు, ఒకే రంగు ఊలులో స్పష్టంగా తేలతాయి. తర్వాత ముక్కని తడిపి, పరిచి ఆరబెట్టండి. లేస్ అయితే ఈ బ్లాకింగ్ తర్వాతే విచ్చుకుంటుంది. ఈ ఊలు దేనికి పనికొస్తుందో ఆ ముక్కే చెబుతుంది. నాకు కొత్త ఆలోచనలు చాలావరకు అలాగే వచ్చాయి.

ఒకటే_సూది:
శాంపిల్ ముక్కకి నేనూ ఒప్పుకుంటాను. టోపీకి మాత్రం ఒప్పుకోను. విసుగు వచ్చిన ప్రతిసారీ తేలిక పనికి మళ్లితే స్వెట్టర్‌కి చేతులు జోడించడం, మెడ పట్టీకి అంచు నుంచి కుట్లు ఎత్తడం, దారం కొసలు లోపలికి దాచడం లాంటివాటిలో ఎప్పటికీ చెయ్యి తిరగదు. స్వెట్టర్ అందం సగం ఈ పనుల్లోనే ఉంది. స్వెట్టర్ చేతులు ఒకదాని తర్వాత ఒకటి అల్లే బాధ తగ్గాలంటే పొడవాటి సర్క్యులర్ సూది మీద రెండు ఉండలతో రెండింటినీ పక్కపక్కనే అల్లండి. కుట్లు పెంచే వరుసలు రెండింటికీ ఒకేచోట పడతాయి, పొడవు తేడా రాదు. సాక్సులకీ ఇదే పద్ధతి పనికొస్తుంది.

విప్పి_అల్లేవారు:
ఇద్దరూ మూడో దారి మర్చిపోయారు. శాలువా మీద నిజంగా ఇష్టం పోయి ఉంటే విప్పేయండి. మెలికలు పడిన ఊలును చిలపగా చుట్టి, నాలుగు చోట్ల వదులుగా కట్టి, గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి ఆరేస్తే మెలికలు చాలావరకు పోతాయి.

స్ఫూర్తి కోసమైతే పాత అల్లికలు ఎలా కట్టారో చూడండి. బ్రిటన్ తీరంలో జాలరులు వేసుకున్న గాన్సీ స్వెట్టర్లలో చేతుల కుట్లను భుజం దగ్గర ఎత్తి కిందికి అల్లేవారు. మణికట్టు దగ్గర అరిగితే ఆ కొస మాత్రం విప్పి మళ్లీ అల్లుకోవచ్చు. షెట్లాండ్ దీవుల ఫెయిర్ ఐల్ డిజైన్లలో ఎన్ని రంగులు కనిపించినా ఒక వరుసలో సాధారణంగా రెండే ఉంటాయి. పాటర్న్ అక్కర్లేదనుకుంటే, అల్లిక పుస్తకాలు రాసిన ఎలిజబెత్ జిమ్మర్‌మన్ శాతాల లెక్క ఉంది: ఒంటి చుట్టూ ఉన్న కుట్లు 100 శాతం అనుకుంటే మణికట్టుకు దాదాపు 20, చేతి పైభాగానికి 33, మెడకు 40. ఒంటికి 200 కుట్లుంటే మణికట్టుకు 40తో మొదలుపెట్టొచ్చు. ఇలాంటివి తెలిస్తే ఇంకొకరి డిజైన్ కోసం వెతుకులాట తగ్గుతుంది.

ఊలుబుట్ట:
అందరికీ థాంక్సండీ. శాలువా విప్పను, అది నాకు ఇష్టమే. టోపీ సంగతి ఇంకా తేల్చుకోలేదు, ఇద్దరి మాటలోనూ నిజం కనిపిస్తోంది. కానీ గాన్సీ చేతుల పద్ధతి చదవగానే స్వెట్టర్ బయటికి తీయాలనిపించింది. నాది చంక దగ్గర వంపు లేకుండా తిన్నగా దిగే భుజమే. విడిగా అల్లి కుట్టే బదులు నేనూ భుజం నుంచి కిందికి అల్లొచ్చా?

విప్పి_అల్లేవారు:
నిక్షేపంగా అల్లొచ్చు. ముందు భుజాలు జోడించండి. చెయ్యి పెట్టాల్సిన అంచు పొడవునా ప్రతి నాలుగు వరుసలకు మూడు కుట్ల చొప్పున ఎత్తండి. నాలుగుకి నాలుగూ ఎత్తితే అంచు అలలుగా లేస్తుంది. కేబుల్ వల్ల వెడల్పు తగ్గుతుంది కాబట్టి చేతి మీదా కేబుల్ ఉంటే దాని కింద రెండు మూడు కుట్లు ఎక్కువ వేయండి. మధ్యమధ్యలో తొడిగి పొడవు చూసుకోవచ్చు.

ఒకటే_సూది:
ఎత్తే ముందు ఒంటి భాగం గేజ్ మళ్లీ కొలవండి. చేతులకు వాడే సూది దాన్ని బట్టే.