పేటెంట్ దావాల్లో సోర్స్ కోడ్ పరిశీలన: పేచీ ఎక్కడ మొదలవుతోంది?

కొత్తనిపుణుడు:
అమెరికా ఫెడరల్ కోర్టులో నడుస్తున్న ఒక పేటెంట్ దావాలో వాది తరఫున సాంకేతిక నిపుణుడిగా మొదటిసారి పనిచేస్తున్నాను. ప్రతివాది తమ సోర్స్ కోడ్ (ప్రోగ్రామర్లు రాసిన అసలు ప్రోగ్రాము పాఠం) చూపిస్తామంటున్నారు గానీ, తమ న్యాయవాదుల కార్యాలయంలో నెట్‌వర్క్ లేని ఒకే కంప్యూటరు మీద చూసుకోవాలని, ప్రింట్లు వరుసగా 25 పేజీలకూ మొత్తం మీద 500 పేజీలకూ మించకూడదని షరతు పెట్టారు. ఇవి మామూలు షరతులేనా, అభ్యంతరం చెప్పదగినవా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

పాతకోడ్:
నెట్‌వర్క్ లేని కంప్యూటరు, తాళం వేసే గది, లోపలికి ఫోను తీసుకువెళ్లకపోవడం ఇవన్నీ మామూలే. పేటెంట్ కేసులకు ఉత్తర కాలిఫోర్నియా జిల్లా కోర్టు ఇచ్చిన నమూనా రక్షణ ఉత్తర్వులోనే (రహస్య సమాచారాన్ని ఎవరు, ఎలా చూడాలో చెప్పే ఉత్తర్వు) నెట్‌వర్క్ లేని కంప్యూటరు, భద్రమైన గది అన్న పద్ధతి ఉంది. తెర మీద చదవడానికి బదులుగా కాగితాలు అడగకూడదనీ, నిపుణుల నివేదికలకూ కోర్టు పత్రాలకూ అవసరమైన మేరకే ప్రింట్లు అడగాలనీ ఆ ఉత్తర్వు చెబుతుంది. కాబట్టి పేజీల పరిమితి మీద ఇప్పుడే పోరాడి శక్తి వృథా చేసుకోకండి. సరిపోకపోతే ఇంకా ఏ ఫంక్షన్లు కావాలో పేర్లతో సహా చూపించి అడిగితే, సాధారణంగా అవతలివారు ఒప్పుకుంటారు.

నాకు అసలు ఇబ్బంది కలిగించింది వేరే విషయం. ఒక కేసులో వేల ఫైళ్లను ఫోల్డర్లన్నీ చెరిపేసి ఒకే కుప్పగా పోసి ఇచ్చారు, బిల్డ్ ఫైళ్లు (ఏ ఫైళ్లను కలిపి ప్రోగ్రాము తయారుచేయాలో చెప్పేవి) లేవు, వెర్షన్ చరిత్ర (కోడ్ ఎప్పుడెప్పుడు ఎలా మారిందన్న నమోదు) లేదు, తెరిచి చూడటానికి మామూలు నోట్‌ప్యాడ్ తప్ప మరొకటి లేదు. అమ్మకంలో ఉన్న ఉత్పత్తిలోకి ఏ ఫైలు చేరుతుందో బిల్డ్ ఫైళ్లు లేకుండా చెప్పలేం, అది చెప్పలేని నివేదిక క్రాస్ ఎగ్జామినేషన్‌లో నిలవదు. నాలుగు రోజుల తరువాత గాని లోపం ఎంత పెద్దదో నాకు అర్థం కాలేదు, అప్పటికి గడువు దగ్గరపడింది. మీరు తొలిరోజే ఫోల్డర్ల అమరిక, బిల్డ్ ఫైళ్లు, వెర్షన్ చరిత్ర, మొత్తం కోడ్‌లో వెతకగల సాధనం ఉన్నాయో లేదో చూసుకుని, లేనివాటి జాబితాను అదే సాయంత్రం మీ న్యాయవాదికి రాసి పంపండి.

అవతలిపక్షం:
నేను ప్రతివాది కంపెనీలో ఇంజినీరుగా ఉండి, ఇలా చూపించే కోడ్‌ను సిద్ధం చేసినవాణ్ణి. పాతకోడ్ గారు చెప్పినట్టు కుప్పపోసి ఇవ్వడం తప్పే, దాన్ని సమర్థించను. అయితే మాకు వచ్చిన మొదటి లేఖలో "మొత్తం సోర్స్ కోడ్" అని తప్ప ఇంకేమీ ఉండదు. పదేళ్ల శ్రమలో, ఆరోపణకు సంబంధించినది ఒక్క మాడ్యూల్ అయినప్పుడు, మిగతాది పోటీదారుడి నిపుణుడి ముందు ఎందుకు పెట్టాలన్న మా భయం నిజమైనది. డ్రోన్ టెక్నాలజీస్, ప్యారట్ కేసును చూడండి. డ్రోన్ లోపల నడిచే కోడ్ అంతా ఇవ్వాలన్న ఆదేశాలను పాటించలేదని కింది కోర్టు ప్రతివాది వాదం వినకుండానే ఉల్లంఘన జరిగిందని తీర్పునివ్వగా, జ్యూరీ 78 లక్షల డాలర్ల పరిహారం నిర్ణయించింది. ఆ కోడ్ అవసరమని వాది చూపించనేలేదంటూ 2016లో పేటెంట్ అప్పీళ్లు వినే ఫెడరల్ సర్క్యూట్ కోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. పేటెంటు క్లెయిములోని (హక్కు పరిధిని చెప్పే వాక్యంలోని) ఏ అంశానికి ఏ భాగం కావాలో రాసి అడిగినవారికి మేము త్వరగానే ఇచ్చాము.

వాదప్రతివాదం:
న్యాయవాదిగా రెండు మాటలు చేరుస్తాను. ఉత్తర కాలిఫోర్నియాలో స్థానిక పేటెంట్ నియమం 3-4 ప్రకారం, ఆరోపణకు గురైన ఉత్పత్తి ఎలా పనిచేస్తుందో చూపడానికి సరిపడే సోర్స్ కోడ్‌ను గానీ ఇతర పత్రాలను గానీ ప్రతివాది అడగకుండానే ఇవ్వాలి. "సరిపడే" అన్న మాట చుట్టూనే వివాదం నడుస్తుంది. దాచుకున్నవారికీ నష్టమే: ఆపిల్, శామ్‌సంగ్ కేసులో పేటెంటును తప్పించుకునేలా మార్చిన కోడ్‌ను గడువులోగా ఇవ్వనందుకు, 2012లో మేజిస్ట్రేట్ న్యాయమూర్తి ఆ మార్పుల గురించి శామ్‌సంగ్ సాక్ష్యం ప్రవేశపెట్టకూడదన్నారు.

కొత్తనిపుణుడు గారూ, సంతకం చేసేముందు ప్రాసిక్యూషన్ బార్ అన్న భాగం తప్పక చదవండి. కోడ్ చూసిన నాటి నుంచి కేసు పూర్తిగా ముగిసిన తరువాత రెండేళ్ల వరకు, అదే సాంకేతిక రంగంలో పేటెంటు దరఖాస్తుల పనిలో పాల్గొనకూడదని ఆ నమూనా ఉత్తర్వు చెబుతుంది. మీరు ఇతరులకు క్లెయిములు రాయడంలో సాయపడేవారైతే అది మీ జీవనోపాధికి సంబంధించిన విషయం.

కొత్తనిపుణుడు:
అందరికీ కృతజ్ఞతలు. ఆ భాగం నేను చదవనేలేదు, పైగా ఒక దరఖాస్తులో సలహాదారుగా ఉన్నాను. ఈ రాత్రే మా న్యాయవాదికి తెలియజేస్తాను. ఒక సందేహం మిగిలింది: చిప్‌లో నడిచే కోడ్ తమ దగ్గర లేదని, అది తయారీదారు దగ్గరే ఉందని ప్రతివాది అంటున్నారు.

పాతకోడ్:
అది నిజమే కావచ్చు, చాలా కంపెనీలకు ఆ కోడ్ అందదు. అప్పుడు ఫెడరల్ నియమం 45 కింద తయారీదారుకే సబ్‌పీనా (కోడ్ చూపించాలన్న కోర్టు ఆదేశం) పంపాలి, వారు తమకు వేరే రక్షణ ఉత్తర్వు కావాలంటారు, దాని షరతుల మీద మళ్లీ మొదటి నుంచి బేరసారాలు జరుగుతాయి. నా గత కేసులో దానికే మూడు నెలలు పట్టింది. ఆ సబ్‌పీనా ఈ వారమే వెళ్లేలా చూడండి.