సంక్రాంతికి 45 వేలు పోగయ్యాయి: పులిహోర పంచాలా, దుప్పట్లు ఇవ్వాలా? (విజయవాడ)

పటమట_ఫ్లాట్లు:
అందరికీ నమస్కారం అండి. మాది పటమటలో 24 ఫ్లాట్ల అపార్ట్‌మెంటు. తలా కొంచెం వేసుకుంటే పండక్కి 45 వేలు పోగయ్యాయి. సంక్రాంతి రోజు మధ్యాహ్నం బస్టాండు దగ్గర 300 పులిహోర ప్యాకెట్లు, మిగిలిన డబ్బుతో దుప్పట్లు పంచుదామని అనుకుంటున్నాం. వంట మా సెల్లార్‌లోనే, వంటమనిషిని మాట్లాడాం. బియ్యం ఎన్ని కిలోలు పడతాయి? తెల్లవారుజామున వండింది మధ్యాహ్నానికి ఆగుతుందా? బస్టాండు సరైన చోటేనా? తెలిసినవాళ్ళు చెప్పండి.

వంటశాల_గవర్నర్‌పేట:
పెద్దవాళ్ళకి కడుపు నిండే ప్యాకెట్ అంటే మనిషికి 120 గ్రాముల బియ్యం. 300 మందికి 36 కిలోలు. దానికి చింతపండు నాలుగు, నాలుగున్నర కిలోలు (పులుపును బట్టి), నూనె 6 లీటర్లు, పల్లీలు మూడున్నర కిలోలు, పచ్చిశనగపప్పు కిలోన్నర, మినప్పప్పు ముప్పావు కిలో, పచ్చిమిర్చి 2 కిలోలు, ఎండుమిర్చి 400 గ్రాములు, పసుపు 200, ఇంగువ 50. ఉప్పు కిలోం పావు దాకా పడుతుంది. అదంతా పులుసులోనే వేయండి, అన్నంలో చల్లితే ఒకచోట ఉప్పన, ఒకచోట చప్పన.

బియ్యం పాతవే కొనండి. పండగ టైముకి కొట్లలోకి కొత్త బియ్యం దిగుతాయి, ధర తక్కువని వాటికి పోతే అన్నం ముద్దయి కూర్చుంటుంది. 36 కిలోలూ ఒకే గుండిగలో వేయొద్దు, అడుగున మెత్తబడి పైన పలుకు మిగిలిపోతుంది. 6 కిలోల చొప్పున ఆరు వాయిలు దించండి, గంజి వార్చండి.

అసలు చెడిపోయేది ఎక్కడో చెప్తాను. వార్చిన అన్నాన్ని గుండిగలోనే మూతపెట్టి వదిలేస్తారు. మధ్యలో వేడి గంటల తరబడి దిగదు. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు బియ్యంలోనే ఉంటాయి, ఉడికించినా చావవు. గోరువెచ్చని అన్నంలో అవి మొలకెత్తి పెరిగి, వాంతులు తెప్పించే విషం వదులుతాయి. ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. అందుకని వాయి దించగానే వెడల్పు బేసిన్లలోగానీ ఉతికిన పంచె మీదగానీ నాలుగు వేళ్ళ మందాన పరిచి, పసుపు, పచ్చి నూనె, కరివేపాకు వేసి ఫ్యాను కింద పెట్టండి. చెయ్యి పెడితే వేడి తగలకూడదు. అప్పుడు పులుసు కలపండి.

పులుసు నూనె పైకి తేలేదాకా దగ్గరపడాలి. నీళ్ళగా ఉంటే అన్నం నాని త్వరగా పులుస్తుంది. పులుసు ముందురోజు రాత్రే కాచుకోవచ్చు, అన్నం మాత్రం ఆ పొద్దునే. పల్లీలు ప్యాక్ చేసే ముందు కలపండి, ముందే వేస్తే మెత్తబడతాయి. వేడి మీద ప్యాక్ చేస్తే లోపల చెమట పట్టి, రెండు గంటలకే వాసన మొదలవుతుంది. మొదటి ప్యాకెట్ తూకం వేసి, ఆ కొలతకి ఒక గిన్నె పెట్టుకోండి. న్యూస్‌పేపర్‌లో కట్టొద్దు, సిరా అన్నానికి అంటుతుంది. అడ్డాకు, అరిటాకు, బటర్ పేపర్ ఏదైనా పర్వాలేదు.

నిమ్మకాయ పులిహోర, దద్దోజనం జోలికి పోవద్దు. ప్యాకెట్‌తో పాటు నీళ్ళ సీసా, ఒక అరటిపండు ఇవ్వండి. ఉత్త పులిహోర గొంతు పట్టేస్తుంది.

బ్రాడీపేట_4వలైను:
వంట సంగతి గవర్నర్‌పేట వారు చెప్పినట్టే చేయండి. నా మాట రోజు గురించి, చోటు గురించి.

సంక్రాంతి రోజు మధ్యాహ్నం బస్టాండు దగ్గరికి అన్నం తెచ్చేది మీరొక్కరే కాదు. ఒకరి చేతికి మూడు ప్యాకెట్లు వెళ్తాయి, సాయంత్రానికి విప్పనివి ఫుట్‌పాత్ మీద పడి ఉంటాయి. కష్టం కనుమ, ముక్కనుమ రోజుల్లో. మెస్సుల్లో పనివాళ్ళు ఊళ్ళకి వెళ్ళిపోయి షట్టర్లు దించి ఉంటాయి. మామూలు రోజుల్లో 5 రూపాయలకి అన్న క్యాంటీన్ ఉంది, పండగ మూడు రోజులూ మీ దగ్గరిది తెరుస్తారో లేదో ముందే కనుక్కోండి.

ఆ రోజుల్లో తిండికి ఇబ్బంది పడేది ప్రభుత్వాసుపత్రిలో రోగి పక్కన ఉండే మనిషి. మా గుంటూరు జీజీహెచ్‌కి పల్నాడు, ప్రకాశం వైపు నుంచి కూడా వస్తారు. రోగికి ఆసుపత్రి భోజనం వస్తుంది, తోడు వచ్చిన తల్లికో తమ్ముడికో రాదు. మంచం వదిలి దూరం పోలేరు, దగ్గర్లో హోటలు తెరిచి ఉండదు. విజయవాడ పెద్దాసుపత్రిలోనూ అంతే.

రెండు రోజుల ముందు ఆర్‌ఎంఓని (ఆసుపత్రి పాలన చూసే డాక్టరుని) కలిసి ఒక కాగితం ఇవ్వండి. ఎన్ని ప్యాకెట్లు, ఏ రోజు, ఎన్ని గంటలకి, ఎవరు బాధ్యులు అని రాయండి. ముందురోజు సాయంత్రం వార్డు వార్డుకీ తిరిగి, మంచానికి ఒకటి చొప్పున టోకెన్ ఇవ్వండి. లెక్క అప్పుడు తేలుతుంది, ఎన్ని వండాలో తెలుస్తుంది. రోగుల చేతికి మాత్రం ఏమీ ఇవ్వొద్దు. షుగరు, కిడ్నీ, ఆపరేషన్ అయినవాళ్ళు ఉంటారు, ఆకలి మీద తినేస్తే ప్రమాదం. నర్సుని అడగనిదే అరటిపండు కూడా వద్దు.

పటమట_ఫ్లాట్లు:
చాలా థ్యాంక్స్ అండి. కనుమకి మార్చుకుంటాం. దుప్పట్ల సంగతి కూడా చెప్పండి. పాతబట్టలు కూడా మూటలు కట్టి పెట్టారు మావాళ్ళు. పిల్లల హోముకి ఇస్తే తీసుకుంటారా?

వన్‌టౌన్_గుడ్డలకొట్టు:
దుప్పటి ఒక్కటే ఇస్తే సగం పనే. సిమెంటు మీద పడుకున్న మనిషికి చలి కిందనుంచి వస్తుంది, పైనుంచి మంచు కురుస్తుంది. ఒక ప్లాస్టిక్ చాప, దాని మీద దుప్పటి ఉండాలి. నూలు దుప్పటి మంచుకి తడిసి బరువెక్కుతుంది, మధ్యాహ్నం దాకా ఆరదు. ఫ్లీస్ రకం తేలిక, త్వరగా ఆరిపోతుంది. ఐదడుగులకి ఏడున్నర అడుగులు చాలు, చంటిపిల్లలున్న తల్లులకి డబుల్ సైజు. ముదురు రంగులు తీసుకోండి, లేతవి నాలుగు రోజులకే మాసిపోతాయి. వస్త్రలత హోల్‌సేల్ గుడ్డల మార్కెట్లో బేళ్ళ లెక్కన అడగండి, కానీ బేలు విప్పించి నాలుగైదు దుప్పట్లు పూర్తిగా పరిచి చూడండి. అంచులు కుట్టనివి, పొట్టివి మధ్యలో దూరుస్తారు.

ఇచ్చిన దుప్పటి మర్నాడు అమ్ముకున్నారని కొందరు కోప్పడతారు. పగలు దాన్ని పెట్టుకోడానికి వాళ్ళకి చోటేది? వదిలి వెళ్తే పోతుంది, మోసుకుంటూ కూలికి పోలేరు. భుజాన తగిలించుకునే గట్టి గుడ్డ సంచి కూడా కలిపి ఇవ్వండి, ఎక్కువమంది దగ్గర నిలుస్తుంది.

పంచేది రాత్రి పది ప్రాంతంలో. ఏడింటికి వెళ్తే బస్సు కోసం ఆగినవాళ్ళూ చెయ్యి చాపుతారు. అర్ధరాత్రి తట్టి లేపితే భయపడిపోతారు. పదికి పక్క వేసుకుంటారు, ఇంకా నిద్రపోరు. ముందు రెండు రాత్రులు ఉత్తచేతులతో తిరిగి లెక్క రాసుకోండి: రైల్వే స్టేషన్ బయట, ఘాట్ల మెట్లు, ఫ్లైఓవర్ల కింద. పంచే రోజు సరుకున్న ఆటో వంద గజాల దూరంలో ఆపి, ఇద్దరిద్దరు నడిచి రెండేసి సెట్లు పట్టుకెళ్ళండి. మూట కనిపిస్తే తోపులాటే, ముసలివాళ్ళు వెనకపడిపోతారు. ఫోటోల కోసం నిలబెట్టొద్దు.

పాతబట్టలు భోగికి నాలుగు రోజుల ముందే తీసుకోండి, లేకపోతే మంటలోకి పోతాయి. ఉతికి, గుండీలు జిప్పులు చూసి, చీరలు, ప్యాంటు చొక్కాలు, పిల్లలవి వేరువేరుగా కట్టి పైన సైజు రాయండి. వాడిన లోదుస్తులు వద్దు. పిల్లల హోములు పాతవి చాలావరకు తీసుకోవు, బయట వండిందీ తీసుకోవు. సూపరింటెండెంటుని అడిగితే బూట్లు, శానిటరీ ప్యాడ్లు, దుప్పట్లు అంటూ కావలసినవి చెప్తారు. అక్కడ పిల్లల ఫోటోలు తీసి వాట్సాప్‌లో పెడితే బాలల న్యాయ చట్టం 2015, సెక్షన్ 74 కింద నేరం.

ఓ_పాజిటివ్_గుంటూరు:
డబ్బు అక్కర్లేనిది ఒకటుంది. రక్తదాన శిబిరాలకి ఎక్కువగా వచ్చేది కాలేజీ పిల్లలు. వాళ్ళు పండక్కి ఊళ్ళకి పోతే శిబిరాలు ఆగిపోతాయి. ప్లేట్‌లెట్లు 5 రోజులకి మించి నిలవ ఉండవు. తలసీమియా పిల్లలకి రెండు నుంచి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాల్సిందే, పండగని ఆగదు. మీ 24 ఫ్లాట్లలో 18 నుంచి 65 ఏళ్ళ లోపు, 45 కిలోలు దాటి, హిమోగ్లోబిన్ 12.5 ఉన్నవాళ్ళు పది మంది తేలినా గొప్పే. మగవాళ్ళయితే పోయినసారి ఇచ్చి 90 రోజులు, ఆడవాళ్ళయితే 120 రోజులు కావాలి. అందరూ ఒకేరోజు పోవద్దు. బ్లడ్ బ్యాంకుకి ఫోన్ చేసి ఏ గ్రూపు తక్కువుందో అడిగి, ఇద్దరు ముగ్గురు చొప్పున భోగి ముందు నుంచి ముక్కనుమ తర్వాతి దాకా పంచుకోండి. ఖాళీ కడుపుతో వెళ్ళొద్దు.

పటమట_ఫ్లాట్లు:
అందరికీ ధన్యవాదాలు. కనుమ మధ్యాహ్నం పెద్దాసుపత్రిలో 150 ప్యాకెట్లు, రాత్రి 60 సెట్లు: చాప, దుప్పటి, సంచి. ఇంకో ప్రశ్న. ప్యాకెట్లు మిగిలితే రాత్రికి వాడొచ్చా?

వంటశాల_గవర్నర్‌పేట:
150కి 18 కిలోలు, మూడు వాయిలు, మిగతావన్నీ సగం. రాత్రికి వద్దు. పన్నెండున్నరకి పంచడం మొదలుపెడితే రెండింటికల్లా మిగిలినవి తేలిపోతాయి. పండగ చెత్త ఎత్తే పారిశుధ్య కార్మికులు ఆ టైముకి రోడ్ల మీదే ఉంటారు, వాళ్ళకి అక్కడే ఇచ్చేయండి. మూడు దాటినవి పారేయాల్సిందే, మనసు ఒప్పకపోయినా. రాత్రి దుప్పట్లతో పాటు ఏదైనా ఇవ్వాలనిపిస్తే ఫ్లాట్లలో మిగిలిన అరిసెలు, జంతికలు పొట్లాలు కట్టండి, అవి వారం పైనే నిలవుంటాయి. బూరెలు మాత్రం కలపొద్దు, పూర్ణం రెండోరోజుకే పులుస్తుంది.