క్లచ్‌తో పాటు ఫ్లైవీల్ కూడా మార్చేయాలా?

మా డీజిల్ కారుకి క్లచ్ పని జరుగుతోంది, గేర్‌బాక్స్ దించేశారు. 1,10,000 కిలోమీటర్లు తిరిగిన బండి. కొన్ని నెలలుగా ఫస్ట్ గేర్‌లో కదిలేటప్పుడు బండంతా వణికేది. క్లచ్ ప్లేట్ రివెట్ల దాకా అరిగిపోయింది. ఫ్లైవీల్ (ఇంజిన్ చివర ఉండే, క్లచ్ ప్లేట్ ఆనుకునే బరువైన చక్రం) మీద నీలం మచ్చలున్నాయి, గోరుతో గీస్తే సన్నటి గీతలు తగులుతున్నాయి. డ్యూయల్ మాస్ రకం (మధ్యలో స్ప్రింగులతో కలిపిన రెండు భాగాలది) కాబట్టి లేత్ మీద పెట్టి సాపు చేయించడం మంచిది కాదని మెకానిక్ అంటున్నారు. చేత్తో తిప్పితే కొంచెం ఆడుతోంది, ముందుకీ వెనక్కీ ఊపితే మాత్రం కదలడం లేదు. ఇంజిన్ ఆపేటప్పుడు టకటకమనే చప్పుడూ ఎప్పుడూ లేదు.

కొత్త ఫ్లైవీల్ క్లచ్ సెట్టు కంటే ఎక్కువ ఖరీదు. అలాగని పాతదే ఉంచితే మళ్ళీ గేర్‌బాక్స్ దించాల్సి వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఇలాంటి మచ్చలున్న ఫ్లైవీల్ మీదే కొత్త క్లచ్ వేయించినవాళ్ళు ఉన్నారా? వణుకు పోయిందా? చేత్తో తిప్పితే ఉండే ఆ ఆట ఎంత దాటితే మార్చాలో ఎలా చూస్తారు? రేపు పొద్దున్నే మెకానిక్‌కి ఏదో ఒకటి చెప్పాలి, తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి.